లెక్కకు రాని గేరు పన్ను

మోకాలు నొప్పి అని పోతే తొడలో ఇనుముందన్నారు.

ఆ మాట అన్న డాక్టరమ్మకు మా అబ్బాయి వయసు కూడా ఉండదు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి పెన్ను మూతతో చూపించింది. "అమ్మా, మీకెప్పుడైనా యాక్సిడెంట్ అయిందా? ఇదుగోండి, మోకాలికి కాస్త పైన, కండలో ఏదో ఇనుప ముక్క ఉంది. ఇది ఉండగా ఎమ్మారై తీయలేం." నేను కళ్ళజోడు సర్దుకుని చూశాను. ఎముకలు పొగలా ఉన్నాయి. వాటి పక్కన తెల్లగా, గట్టిగా ఒక ముక్క. ఒక వైపు చదునుగా, ఒక వైపు ఏటవాలుగా, విరిగిన చోట గరుకుగా. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని, ఎక్స్‌రే చదవడం నాకేం తెలుసు. అయినా దాన్ని చదవగలిగాను. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు అక్షరాలకంటే ముందు ఆ ఆకారం తెలుసు. "అది గేరుకుండే పన్నమ్మా," అన్నాను. "సెకండు గేరుదనుకుంటా. మా చిన్నాయన చూస్తే చెప్తాడు." డాక్టరమ్మ నా మొహం చూసి, తర్వాత నా పక్కనున్న మా అబ్బాయి మొహం చూసింది. ఆ పన్ను కోసం మా నాయన చచ్చేదాకా వెతికాడు. పంజగుట్ట ఎక్కుడు మీద, ఎండలో, నలుగురూ పిచ్చోడనుకుంటుంటే వెతికాడు. అదేమో నాతోనే ఉంది. నాతో పెళ్ళిపీట మీద కూర్చుంది, నాతో పురుడు పోసుకుంది, నాతో ఇన్ని ఇళ్ళు మారింది.

అమీర్‌పేట నుంచి బల్కంపేట వైపు పోయే ఒక సందులో మా రేకుల షెడ్డు ఉండేది. దాని వెనక రెండు గదుల ఇల్లు. షెడ్డెక్కడ ఆగిందో, ఇల్లెక్కడ మొదలైందో మా అమ్మ రూతమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె గీసిన గీత దాటి గ్రీసు చేతులతో లోపలికొస్తే రొట్టెల కర్రతో వేళ్ళ మీద కొట్టేది. అయినా గేరాయిలు వాసనను ఏ కర్రా ఆపలేకపోయింది. పాత గేరాయిలు వాసన చూశారో లేదో, కుళ్ళిన ఉల్లిగడ్డలా ఉంటుంది. నాయన సబ్బు పెట్టి ఎంత కడిగినా అన్నం కలిపేటప్పుడు ఆ వాసనే వచ్చేది. పప్పులో అది, పచ్చట్లో అది, ప్రార్థనకు మోకరించినప్పుడు ఆయన చెయ్యి నా నెత్తిన పెడితే నా జడలో అది. ఆదివారం గుడిలో మా బెంచీ మీద పక్కవాళ్ళు కొంచెం జరిగి కూర్చునేవాళ్ళు. మాకది మర్యాద అనిపించేది.

మా నాయన పేరు దేవసాయం. అందరూ గేర్‌బాక్స్ దేవసాయం అనేవాళ్ళు. ఆయన తమ్ముడు ఇమ్మానియేలు, మా చిన్నాయన, ఇంజన్ పని. ఇంజన్ తమ్ముడిది, గేర్‌బాక్స్ అన్నది. ఆ రెంటి మధ్య ఉండే క్లచ్ ప్లేటు ఎవరిదని రోజూ కొట్లాట. "గా ప్లేటును నేనే. ఇద్దరి నడుమ అరిగిపొయ్యేది నేనే," అనేది అమ్మ. నిజానికి చిన్నాయన్ని పెంచింది ఆమే. అత్త లేని ఇంటికి కోడలుగా వచ్చేనాటికి చిన్నాయన ఇంకా నిక్కర్లలో ఉన్నాడట. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆయనకు పిల్ల అంటే నేనే.

కొట్లాట అంటే మాటలనుకునేరు. మా ఇంట్లో మాట వెనకాల దెబ్బ రావడం కాదు, దెబ్బే ముందు వచ్చేది, మాట తర్వాత నింపాదిగా వచ్చేది. షెడ్డులో మేకుకు పాత బండ్ల బెల్టులు వేలాడేవి. తప్పును బట్టి నాయన బెల్టు ఎంచుకునేవాడు. పాలు పొంగిపోతే స్కూటరు బెల్టు, అబద్ధమాడితే కారు బెల్టు. చిన్నాయన మనుషుల్ని కొట్టడు, తలుపుల్ని కొడతాడు. మా ఇంట్లో తిన్నగా మూసుకునే తలుపే లేదు. నన్ను మాత్రం నెత్తిన మొట్టేవాడు, వేళ్ళు మడిచి, పెట్రోలు వాసనొచ్చే కణుపులతో. అది ముద్దు. నాయన కొట్టిన రోజు రాత్రి ఆయన కంచంలోని కూర ముక్క దెబ్బ తిన్నవాళ్ళ కంచంలోకి వచ్చేది. ముక్క వచ్చిందంటే లెక్క సరిపోయినట్టు.

అన్నదమ్ములిద్దరికీ పని నేర్పిన ఉస్తాద్ ఒకాయన ఉండేవాడట. నేను పుట్టకముందే పోయాడు. ఆయన రెండు కట్టుబాట్లు పెట్టి పోయాడు, మా షెడ్డులో బైబిలు వాక్యం తర్వాత వాక్యమంత విలువ వాటికి. మొదటిది, గేర్‌బాక్స్ విరిగి పళ్ళు రాలితే, రాలిన ప్రతి పన్నూ దొరికేదాకా మూత మూయకూడదు. లోపల ఒక్కటి మిగిలినా కొత్త గేర్లను నమిలేస్తుంది. రెండోది, ఎవరు బిగించారో వాళ్ళు తమ ఇంటి మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మొదటిసారి నడపాలి. "నీ ఇంటి మనిషిని కూసోబెట్టలేని బండిని గిరాకికి ఎట్లిస్తవ్?" అని నాయన అడిగేవాడు. ఆ పక్క సీటు నాది. బడి మానేశాక మరీ నాది. లారీల్లో, వ్యాన్లలో, పెళ్ళికొడుకుల కార్లలో, ఎవరి బండి బాగైనా మొదట నేనే ఎక్కి అమీర్‌పేట చౌరస్తా చుట్టి వచ్చేదాన్ని. నేను పక్కనుంటే నాయన అరచేతిలో గుడ్డు పెట్టుకున్నట్టు నడిపేవాడు. చిన్నాయన కూడా అంతే.

అవి అమీర్‌పేట మొత్తం కంప్యూటర్ చదువులతో పిచ్చెత్తిపోయిన రోజులు. ఒక బోర్డు మీద ఇంకో బోర్డు, దాని మీద ఇంకొకటి. గోడ కనపడేది కాదు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి పొద్దున్నే ఫైళ్ళు చంకన పెట్టుకుని పిల్లలు గుంపులుగా వచ్చేవాళ్ళు. మా సందులో పాత కార్లు బాగుచేయించుకునే గిరాకీలు తగ్గి, "అంకుల్, రూమ్ ఉందా" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అట్లాంటప్పుడు వచ్చింది ఆ ఎర్ర బండి.

తెచ్చింది ప్రసాద్ గారు. విజయవాడ వైపు మనిషి, చౌరస్తాలో కోచింగ్ సెంటర్ ఆయనదే. బండి ఇంగ్లీషోళ్ళ కాలందట. నేలకు ఆనుకుని, పైకప్పు లేకుండా, రెండే సీట్లు. బానెట్టేమో పడవంత. "దేవసాయం గారూ, దీని ఇంజన్ ఎక్కుళ్ళ మీద ఏడుస్తోందండి. పెద్దది పెట్టించండి. కొత్త బ్రాంచి ఓపెనింగ్‌కి దీంట్లోనే వెళ్ళాలని ఆశ. కానీ బాడీ మీద మాత్రం కట్టర్ పెట్టొద్దండి, పాపం తగులుద్ది," అన్నాడు. మంచి మనిషే. మా అమ్మకు కూడా నమస్కారం పెట్టేవాడు.

చిన్నాయన ఒక పెద్ద కారు తుక్కు నుంచి ఆరు సిలిండర్ల ఇంజన్ తెచ్చాడు. పాతదానికి నాలుగే. ఆ ఇంజన్ను విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ కూర్చుతుంటే ఆయన మొహం చూడాలి. ఇన్నాళ్ళూ షెడ్డులోంచి బయటికిపోయిన ప్రతి బండీ 'దేవసాయం చేసిన బండి'. ఇదొక్కటి ఇమ్మానియేలు చేసిన బండిగా పోవాలని ఆయన కోరిక. నోరు తెరిచి అనలేదు గానీ ఇంటిల్లిపాదికీ తెలుసు.

చిక్కల్లా గేర్‌బాక్స్ దగ్గర వచ్చింది. పెద్ద ఇంజన్‌తోపాటు వచ్చిన గేర్‌బాక్స్ పెద్దది. బండి నడిమధ్య, రెండు సీట్ల నడుమ, వెన్నెముకలా ఉబ్బెత్తుగా ఒక రేకు పోతుంది, దాని కింద కూర్చోవాలి అది. పట్టాలంటే రేకు కోసి వెడల్పు చేయాలి. కట్టర్ పెట్టొద్దని గిరాకీ మాట. "కొయ్యకుంటె కాదు," అన్నాడు నాయన. పాత చిన్న గేర్‌బాక్స్‌నే పెద్ద ఇంజన్‌కు అతికిద్దాం, మధ్యలో ఒక మందపాటి ప్లేటు చేయించి బోల్టుల రంధ్రాలు కలుపుదాం అని చిన్నాయన వాదన.

"రంధ్రాలు కలుస్తయ్ రా. బలం కలుస్తదా? గా డబ్బా శేరు మింగేది. నువ్వు మణుగు కుక్కుతున్నవ్."

"డబ్బాలు బలానికి పోవన్న. తొక్కెటోని మొరటుతనానికి పోతయ్. పెడలు నా కాలి కింద ఉంటది కద."

"గిరాకి కాలు నీ కాలా? రేపు ఆయన తొక్కడా?"

"ఆయనకు చెప్త. నువ్వు జర నన్నొక్కసారి చెయ్యనియ్యి."

"చేస్తే నీ మెడ ఇరుస్త," అన్నాడు నాయన. అక్కడికి మాట అయిపోయింది.

ఒక శనివారం నాయన సికింద్రాబాదులో ఎవరిదో మట్టి కార్యానికి పోయి వచ్చేసరికి చిన్న గేర్‌బాక్స్ పెద్ద ఇంజన్‌కు అతికి, రెండూ బండిలో కూర్చుని ఉన్నాయి. బోల్టులన్నీ బిగిసి ఉన్నాయి. నాయన తెల్లబట్టల్లోనే బండి కిందికి వంగి చూశాడు. లేచి మేకు దగ్గరికి నడిచాడు. స్కూటరు బెల్టూ కారు బెల్టూ వదిలి లారీ బెల్టు తీశాడు. దాన్ని ఎవరి మీదా తీయగా నేను చూడలేదు.

మొదటి దెబ్బ చిన్నాయన మెడ మీద పడింది. రెండోది వీపున. చిన్నాయన నిలబడే ఉన్నాడు, చేతులు కూడా ఎత్తలేదు. మూడోది చెవిని తాకి రక్తం చిమ్మగానే ఆయన బెల్టు చివర పట్టుకుని గుంజాడు. నాయన పోయి పనిబల్ల మీద పడ్డాడు. బల్లకున్న ఇనప పట్టకారు పక్కటెముకల్లో గుచ్చుకుని, గాలిపోయిన ట్యూబులా ఒక శబ్దం వచ్చింది ఆయన నోట్లోంచి. లేస్తూనే తమ్ముడి ముంజేయి పళ్ళతో పట్టాడు. చిన్నాయన అరుస్తూ రెండో చేత్తో జాకీ రాడ్డు అందుకుని విసిరాడు. అది నాయన కనుబొమను చీల్చుకుంటూ పోయి రేకుల గోడను చించుకుని అవతల సందులో పడింది. పక్కింటి హాస్టల్ పిల్లలు గోడెక్కి చూస్తున్నారు. ఇద్దరూ నూనె మడుగులో పడి దొర్లుతున్నారు. ఎవరి రక్తం ఎవరిదో తెలియడం లేదు. నాయన చేతులు తమ్ముడి గొంతు మీద ఉన్నాయి. చిన్నాయన కాళ్ళు కొట్టుకోవడం తగ్గుతోంది.

అమ్మ వంటింట్లోంచి అన్నం వార్చిన గంజి గిన్నె పట్టుకుని వచ్చింది. ఆగలేదు, బతిమాలలేదు. ఇద్దరి మీదా కలిపి కుమ్మరించింది. వాళ్ళు విడిపోయిన తీరు చూస్తే రెండు కుక్కలే నయం. చిన్నాయన భుజం మీద తోలు లేచిపోయింది. నాయన మెడ కింద బొబ్బలు. అమ్మ ఖాళీ గిన్నె బోర్లించి, "సస్తె సావుండ్రి. జర పక్కకు పోయి సావుండ్రి. నాకు బియ్యం ఏరుకునే పని ఉన్నది," అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. గిన్నె పట్టుకున్న చేతులు మాత్రం కాలి ఎర్రగా ఉన్నాయి. మసిగుడ్డ పట్టుకోవడం మరిచిపోయింది.

ఆ రాత్రి ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి. కోడికూర. పాత బనీను తలకు చుట్టుకుని నాయన తన ముక్కలన్నీ తానే తిన్నాడు. చిన్నాయన కంచంలోకి ఏదీ రాలేదు. నేను అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాను. అప్పుడే నాకు భయమేసింది. గొంతు పిసికినప్పుడు కూడా అంత వేయలేదు.

మర్నాడు గుడి నుంచి రాగానే చిన్నాయన బండిని షెడ్డులోంచి బయటికి తీశాడు. ఆ ఇంజన్ మోతకు రేకులు గలగలలాడాయి. సందులోని పిల్లలంతా మూగారు. ఆయన స్టీరింగు ముందు కూర్చుని పక్క సీటు వైపు చూశాడు. ఉస్తాద్ కట్టుబాటు. ఇంటి మనిషి కావాలి. ఆయనకు పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. "ఎవలు లేకున్న పోత," అన్నాడు ఎవరితోనూ కాకుండా. అన్నాడే గానీ గేరు వేయలేదు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని బయలుదేరడం అంటే ఇక మా ఇంటి ఉప్పు తిననన్నట్టే. బండి అట్లా ఊగుతూ, పొగ వదులుతూ నిలబడే ఉంది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. "నువ్వు కదిల్తే కాళ్ళు ఇరుస్త," అంది.

నాయన గడపలో కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మిగిలిన కంటితో తమ్ముణ్ణీ, ఖాళీ సీటునూ, మళ్ళీ తమ్ముణ్ణీ చూశాడు. చాలాసేపు చూశాడు. ఆఖరికి నన్ను పిలిచాడు.

"సుగుణా, పో బిడ్డా. పోయి కూసో."

అమ్మ చెయ్యి నా భుజం మీంచి జారింది. నేను గుడికి కట్టుకున్న కొత్త లంగాతో, జడలో మల్లెలతో పోయి ఆ ఎర్ర బండిలో కూర్చున్నాను. చిన్నాయన మొహం అప్పుడు చూడాలి మీరు. చెవి చీలి, మెడ మీద బెల్టు వాతలతో, భుజం కాలి ఉన్న మనిషి. పండగ నాడు కొత్త చొక్కా తొడిగిన పిల్లాడి మొహమైపోయింది. నేనూ సంతోషపడ్డాను. లెక్క సరిపోయింది, నాయన ముక్క ఇచ్చేశాడు, ఈసారి కంచంలోకి కాకుండా బండిలోకి ఇచ్చాడు అనుకున్నాను. నాయన మాత్రం లేచి తన స్కూటరు కిక్కు కొట్టడం మొదలుపెట్టాడు.

చౌరస్తా దాకా మెల్లగానే పోయాం. ఆదివారమైనా కోచింగులు నడుస్తూనే ఉన్నాయి. కాగితాలు పంచే పిల్లలు మా బండిలోకి కూడా కాగితాలు విసిరారు. ఈలలు వేశారు. చిన్నాయన గుడిలో పాడే పాట ఎత్తుకున్నాడు. పంజగుట్ట చౌరస్తా దాటి ఎక్కుడు మొదలైన చోట నా వైపు తిరిగి, "సూసినవా బిడ్డా, మీ నాయన ఒప్పుకున్నడు," అన్నాడు. అని, పెడలు నేలకు ఆనేదాకా తొక్కాడు.

ఆ బలం నేనెప్పుడూ ఎరగను. వీపు సీటులోకి దిగిపోయింది. మల్లెదండ ఎగిరిపోయింది. ఇంజన్ అరుపు ఒక మెట్టు పైకి, ఇంకో మెట్టు పైకి పోయింది. చిన్నాయన ఎడమచెయ్యి గేరు రాడ్డు మీద వేసి గుంజాడు. అప్పుడొచ్చింది చప్పుడు. బొమికను రోట్లో వేసి రోకలితో ఒక్క పోటు పొడిస్తే వచ్చే చప్పుడు, అంతకు నూరింతలు. మా ఇద్దరి మధ్య ఉన్న రేకు కింద నుంచి చీలింది. వెనక చక్రాలకు పోయే పొడుగాటి షాఫ్టు ఊడి, పాములా లేచి, తిరుగుతూ రేకును ముక్కలు ముక్కలుగా కోసింది. నా కుడికాలి మీద ఎవరో కొలిమిలోని కడ్డీ పెట్టినట్టయింది. చిన్నాయన చెయ్యి ఇంకా రాడ్డు మీదే ఉంది. నేను చూస్తుండగానే ఆ చెయ్యి చెయ్యిలా లేకుండా పోయింది. బండి గిర్రున తిరిగి, రోడ్డు పక్క పోసిన కంకర కుప్పలోకి దూసుకుపోయి ఆగింది. వేడి గేరాయిలు నా లంగా నిండా చిమ్మింది. అదే వాసన, మా అన్నం వాసన.

నాయన స్కూటర్ని నడిరోడ్డు మీదే వదిలేసి వచ్చాడు. "అన్నా, ముందుగాల బిడ్డను తియ్యి," అని చిన్నాయన అరుస్తున్నాడు. నాయన నన్ను ఎత్తి ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టి, తలకు చుట్టుకున్న బనీను విప్పి నా తొడకు కట్టాడు. తర్వాత లేచి వెనక్కి పోయాడు. చిన్నాయన చెయ్యి చిరిగిన రేకుల మధ్య ఇరుక్కుని ఉంది, కదల్లేడు. కదల్లేని ఆ మనిషిని మా నాయన పిడికిళ్ళతో కొట్టాడు. మొహం మీద, నోటి మీద, మళ్ళీ మొహం మీద. ముక్కు ఎముక విరిగిన చప్పుడు ఫుట్‌పాత్ దాకా వినపడింది. చిన్నాయన తల పక్కకు కూడా తిప్పలేదు. కానిస్టేబులూ, పాన్‌డబ్బా ఆయనా కలిసి లాగితే గానీ నాయన ఆగలేదు. ఆగి, రొప్పుతూ, అదే చేతులతో సుత్తీ ఉలీ తెచ్చి, రేకును కొంచెం కొంచెంగా కోసి తమ్ముడి చెయ్యి బయటికి తీశాడు. ఏ బండి మీద కట్టర్ పెట్టొద్దన్నారో ఆ బండి మీదే. బయటికి వచ్చినదాంట్లో సగం మాత్రమే చెయ్యి. బొటనవేలూ, దాని పక్క వేలూ మిగిలాయి.

నాకు ఒక చిన్న నర్సింగ్‌హోంలో కుట్లు వేశారు. ఎముక విరగలేదు కదా అని ఫోటో తీయలేదు. ప్రసాద్ గారు వచ్చి నా మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. "ఆ కట్టర్ మాట అనకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు. బండిని ఎటో పంపేశాడు, మళ్ళీ మాకు కనపడలేదు.

గేర్‌బాక్స్ మాత్రం నాయన విప్పి తెచ్చుకున్నాడు. రాలిన పళ్ళను రోడ్డు మీద మోకాళ్ళ మీద పాకుతూ ఏరి రుమాల్లో కట్టాడు. బల్ల మీద గేర్లను వరసగా పెట్టి, ఏ పన్ను ఎక్కడిదో పక్కనే పేర్చాడు. సెకండు గేరుకు ఒకటి తక్కువ వచ్చింది. అంతే, మూత మూయలేదు. పొద్దున్నే పాత స్పీకరు అయస్కాంతం తాడుకు కట్టి, పంజగుట్ట ఎక్కుడు పొడవునా రోడ్డంచున ఈడ్చుకుంటూ పోయేవాడు. మేకులు వచ్చేవి, సోడామూతలు వచ్చేవి, పిన్నీసులు వచ్చేవి. ఆఫీసులకు పోయేవాళ్ళు పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు. కొన్నాళ్ళకు ఫ్లైఓవర్ కోసం అక్కడ తవ్వేశారు. అయినా మట్టికుప్పల మీద ఈడ్చాడు. "విరిగిన డబ్బాకు పన్నెందుకయ్యా, ఎవలకు బిగిస్తవ్?" అని అమ్మ అడిగితే, "దొరకకుంట మూసేది ఎట్ల?" అనేవాడు.

అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోలేదు. కొట్టుకోను కూడా లేదు. అదే ఇంటిని చంపింది. చిన్నాయన ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్‌కు వాచ్‌మన్‌గా పోయాడు. స్టీరింగు మళ్ళీ ముట్టలేదు. మేకు మీది బెల్టులు ఎండి పగిలిపోయాయి. షెడ్డు పోయింది, ఆ జాగాలో కూడా హాస్టల్ లేచింది. నాయన పోయిన రోజు చిన్నాయన వచ్చి, గుమ్మం బయట చెట్టు కింద నిలబడి, శవపెట్టె బండెక్కాక వెనకే నడిచి, మట్టి వేసి వెళ్ళిపోయాడు. గోనెగుడ్డ కప్పిన ఆ మూతలేని గేర్‌బాక్స్‌ను మాత్రం అమ్మ ఏ ఇల్లు మారినా మంచం కిందికి మోసుకొచ్చేది.

నేను నా ఇంట్లో బెల్టు వేలాడదీయలేదు. నా కొడుకు మీద చెయ్యి ఎత్తలేదు. వాడికి దెబ్బ వాసనే తెలియదు, అందుకు దేవుడికి స్తోత్రం. వాడి కారులో గేర్లే లేవు. ముందుకొకటి, వెనక్కొకటి, అంతే. తొక్కితే పోతుంది. ఏది ఎంత బలం మోస్తుందో ఎవరూ చూసుకోనక్కర్లేదు. అమీర్‌పేట మీదుగా మెట్రోలో పోతుంటే మా సందు చీమల దారిలా కనపడుతుంది. ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళం, ఎవరి ఫోను వాళ్ళం, గొడవలు లేవు. ఒక్కోసారి ఆ నిశ్శబ్దంలో కూర్చుని, ఎవరైనా ఒక తలుపైనా ధబాలున వేస్తే బాగుండనిపిస్తుంది. తప్పే అనుకోండి.

ఎక్స్‌రే తీసుకుని ఇంటికి వచ్చి, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న అమ్మకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. కళ్ళు సరిగ్గా కనపడవు, వేళ్ళతో ఏరుతుంది. "ఇమ్మయ్యను పిలువు," అంది.

చిన్నాయన మర్నాడే వచ్చాడు. ముసలాడైపోయాడు. ముక్కు ఇంకా వంకరే. ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. "సెకండుదే," అన్నాడు. "నేను థర్డుకు గుంజంగ పోయింది." కూర్చున్నాడు. ఆ సగం చేత్తో మోకాలు రుద్దుకుంటూ, "డబ్బా గా బలానికి ఆగదేమో అని నాకు సుత అనుమానముండె వదినె," అన్నాడు. "నిమ్మళంగనే తిప్పుకొని వద్దామనుకున్న. గని అన్న బిడ్డను కూసోబెట్టిండు కద. అన్న తన బిడ్డను కూసోబెట్టిండంటే డబ్బా ఆగుతదని అన్నకు నమ్మకం కుదిరిందనుకున్న. గందుకే తొక్కిన."

అమ్మ వేళ్ళు చేటలో ఆగాయి.

"నీ మొఖం," అంది. "ఆగదని తెల్సే కూసోబెట్టిండు. నువ్వు ఎవలు చెప్పిన ఇనవు, ఒక్కనివే పోయి గా గుట్ట మీద సస్తవ్ అని. బిడ్డ పక్కన ఉంటే గుడ్డు లెక్క నడుపుతవని. నిన్ను బతికిచ్చుకోనీకె కూసోబెట్టిండురా దాన్ని."

చిన్నాయన ఎక్స్‌రేను మంచం మీద పెట్టాడు. కింద వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. "గీ మాట ఇన్నేండ్ల సంది ఎవలకు చెప్పకపోతివి వదినె."

"నన్నెవలు అడిగిండ్రు?"

నన్ను కూడా ఎవరూ అడగలేదు. తమ్ముడికి బ్రేకు అవుతానని ఒకాయన, అన్న దీవెననని ఒకాయన, ఇద్దరూ నన్నే ఆ సీట్లో పెట్టారు. నేను మల్లెలు పెట్టుకుని కూర్చున్నాను. కోపం రావాలి. వచ్చింది కూడా, ఆ పూటంతా ఉంది. కానీ చిన్నాయన ఆ సగం చేత్తో మొహం కప్పుకుంటే సగం మొహమే కప్పుకుపోయింది. మిగిలిన సగాన్ని చూస్తూ ఎంతసేపని కోపంగా ఉండగలం.

"డబ్బా ఏడుంది?" అన్నాడు చివరికి.

మంచం కింది నుంచి గోనెతో సహా లాగాం. మూతా, బోల్టులూ, నాయన రుమాలు మూటా అన్నీ దాంట్లోనే ఉన్నాయి. తుప్పు పట్టిన బోల్టుల్ని మా అబ్బాయి తెచ్చిన కిరసనాయిల్లో నానబెట్టాం. ఆయన రుమాలు విప్పకుండానే లోపల పెట్టి మూత వేశాడు. మిగిలిన రెండు వేళ్ళతో బోల్టు పట్టుకుంటే నేను పానా తిప్పాను. ఆఖరి బోల్టు దగ్గర నా చెయ్యి ఆగింది. "ఒకటి తక్కువుంది కద చిన్నాయనా, మూయొచ్చా?" అన్నాను. డాక్టరమ్మ కావాలంటే కోసి తీసేస్తామని చెప్పింది మరి.

"ఏడుందో తెల్సింది కద. నీ తాననే ఉండనియ్యి," అని, ఉన్న రెండు వేళ్ళూ మడిచి, నా నెరిసిన నెత్తిన కణుపులతో ఒక్కటి మొట్టాడు. గట్టిగానే తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే, "మెల్లగరా ఇమ్మయ్యా, మెల్లగ," అంది.